గేజి పుస్తకం

(కోనసీమలోని ఒక ఊరి గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సాయంత్రం ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

గ్రంథాలయంలో మాట్లాడమన్నారు కదా, చేతిలో ఒక పుస్తకం లేకుండా రావడం బాగుండదనిపించింది. ఇదిగో, ఇదే తెచ్చాను. దీనికి పేరు లేదు. నీలం అట్ట, రూళ్ళ కాగితం, 100 పేజీలు. కాకినాడలో ఆస్పత్రి గేటు ఎదురుగా జిరాక్సు కొట్లో కొన్నాను. పోయిన వేసవిలో మా నాన్నగారు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఇందులో రాస్తూనే ఉన్నాను. కథలేం లేవు. ఒక పేజీ చదువుతాను, వినండి. "ఉదయం 6.10, జావ అర గ్లాసు. 6.40, దగ్గు, రెండుసార్లు. 7.00, సంచిలో 350. 7.30, ఎడమ పక్కకి తిప్పాం." అంతా ఇలాగే ఉంటుంది.

34 ఏళ్ళు పిల్లలకి తెలుగు చెప్పాను. వ్యాసాలు రాయించాను, దిద్దాను. ఈ నోటుబుక్కు గురించి ఎవరికైనా చెప్పాలని మాత్రం ఆర్నెల్లుగా మనసులో మెదులుతోంది. ఇక్కడున్న అందరికీ ఏదో ఒక రోజు అమ్మ మంచం పక్కనో, భర్త మంచం పక్కనో కూర్చోవాల్సి వస్తుంది. కొందరు ఇప్పటికే కూర్చుని వచ్చారు. వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

మా నాన్నగారిని మీలో చాలామంది ఎరుగుదురు. ఇరిగేషన్‌లో లస్కరుగా చేశారు. మధ్య డెల్టా కాలువల మీద, కొన్నాళ్ళు లొల్ల లాకుల దగ్గర, ఆ తర్వాత దిగువన. చిన్నపిల్లలకి లస్కరంటే తెలియకపోవచ్చు. గట్టు మీద తిరుగుతూ, తూముల షట్టర్లు ఎత్తుతూ దించుతూ, ఎక్కడ గట్టు చెమ్మగిల్లుతోందో, ఎక్కడ గండి పడేలా ఉందో చూసే ఉద్యోగం. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి గేజి చూసి పుస్తకంలో రాయాలి. గేజి అంటే నీళ్ళలో నిలబెట్టిన కొలబద్ద. వానొచ్చినా, ఒళ్ళు కాలిపోతున్నా నాన్నగారు ఆ రెండు రాతలూ మానలేదు. చిన్నప్పుడు నన్ను వెంట తీసుకెళ్ళి "ఎంతుందో చెప్పమ్మాయ్" అనేవారు. నేను కాలవకేసి చూసి "నిండుగా ఉంది నాన్నా" అంటే ఒప్పుకునేవారు కాదు. "నిండుగా అన్నది కొలత కాదు. గీత చూసి చెప్పు" అనేవారు.

ఆయనకిప్పుడు 81 ఏళ్ళు. రిటైరై 23 ఏళ్ళయింది. మే 7న, కాలువలు కట్టేసి ఉన్న రోజుల్లో, దొడ్లో కుళాయి దగ్గర కాలు జారారు. లేవలేకపోయారు. కుడికాలు పొట్టిగా అయిపోయి, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. తుంటి ఎముక విరిగితే అలాగే ఉంటుందట, తర్వాత తెలిసింది. 108కి ఫోన్ చేశాం. ఎదుర్లంక వారధి మీద అంబులెన్సు వెళుతుంటే నాన్నగారు నా చెయ్యి పట్టుకుని "ఏ రేవు?" అని అడిగారు. వారధి రాకముందు అక్కడ పంటు కోసం ఎదురుచూసిన రాత్రులు ఆయనకి గుర్తొచ్చి ఉంటాయి. గోదారి దాటాలంటే పంటో పడవో దొరకాలి, లేకపోతే తెల్లారే దాకా రేవులో కూర్చోవాలి. మా మేనత్తకి నొప్పులొచ్చినప్పుడు అలాగే జరిగిందని ఇంట్లో చెప్పుకునేవారు.

ఆపరేషన్ గురించి ఇంట్లో పెద్ద గొడవే అయింది. "81 ఏళ్ళాయనకి కోతలేంటమ్మా, కట్టు కట్టించి ఇంటికి తెచ్చేయండి" అన్నారు మా బాబాయి. ప్రేమతోనే అన్నారు. డాక్టరుగారు నన్నూ తమ్ముణ్ణీ కూర్చోబెట్టి చెప్పారు. ఈ వయసులో తుంటి విరిగితే ఎముక కంటే మంచమే ప్రమాదం. కదలకుండా పడుకుంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది, వీపు మీద పుండ్లు పడతాయి. అందుకే ఒకటి రెండు రోజుల్లోపు ఆపరేషన్ చేసి, మర్నాడే లేపి కూర్చోబెట్టాలి. బాబాయికి ఫోన్‌లో ఇదే మాట చెప్పించాం. 9వ తేదీన ఆపరేషన్ అయింది. ఆ రాత్రి ఐసీయూలో ఉంచి, మర్నాడు వార్డులోకి మార్చారు.

వార్డులో మన పేరు పోతుంది, మంచం నంబరే మిగులుతుంది. "11 తాలూకా ఎవరండీ?" అని పిలుస్తారు. 34 ఏళ్ళు మేడమ్, టీచరుగారూ అనిపించుకున్నదాన్ని, రెండు రోజుల్లో '11 తాలూకా'గా అలవాటు పడిపోయాను. 10 తాలూకా ఉప్పాడ నుంచి వచ్చిన చేపల వేటగాళ్ళ కుటుంబం. 12 తాలూకా రంపచోడవరం అవతల కొండల్లోంచి వచ్చిన ఒక కుర్రాడు, భార్యకి కాలు విరిగింది. వరండాలో మా అందరి చాపలూ పక్కపక్కనే. పొద్దున్న 5 గంటలకి ఫినాయిల్ బక్కెట్టుతో ఊడ్చేవాళ్ళొచ్చి "లేవండి, లేవండి" అంటే అందరం చాపలు చుట్టుకుని మెట్ల మీద నిలబడేవాళ్ళం. ఎవరు టీకి వెళ్ళినా నాలుగు ఫ్లాస్కులు పట్టుకెళ్ళేవారు. ఒక్క ఛార్జింగ్ ప్లగ్గుకి ఆరు ఫోన్లు, దానికో వరస. ఆ కొండల కుర్రాడి దగ్గర ఫోన్ లేదు. వాళ్ళ ఊరి వాళ్ళు ఎవరిదో నంబరు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. రోజూ సాయంత్రం నా ఫోన్ తీసుకుని మాట్లాడేవాడు, వాళ్ళ భాషలో. మాట్లాడినంతసేపూ భార్యకేసే చూసేవాడు.

ఐసీయూ బయట గడిపింది ఒక్క రాత్రే. అక్కడి చెప్పులు ఇప్పటికీ కళ్ళముందున్నాయి. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ బెంచీల మీదున్న వాళ్ళందరూ ఒక్కసారే తలెత్తేవారు.

ఇక ఈ పుస్తకం ఎలా మొదలైందో చెప్తాను.

వార్డులోకి వచ్చిన మొదటి ఉదయం పెద్ద డాక్టరుగారు రౌండ్స్‌కొచ్చారు. ఒక్కో మంచం దగ్గర రెండు మూడు నిమిషాలు. మా దగ్గరికొచ్చి "రాత్రి ఎలా ఉన్నారమ్మా?" అని అడిగారు. "బాగానే ఉన్నారండీ" అన్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయారు. వెనకాల ఉన్న సిస్టర్ ఆగి, నా దగ్గరికొచ్చి మెల్లగా అంది. "అమ్మా, బాగానే అంటే మేమేం రాసుకోవాలి? ఎన్ని గ్లాసులు తాగారు, ఎంతసేపు నిద్రపోయారు, నొప్పి ఎప్పుడొచ్చింది, అది చెప్పండి. ఈ వార్డులో రాత్రిపూట నేనొక్కదాన్నే. మీరు ఒక్కరినే చూస్తారు కదా, మీకు తెలుస్తుంది."

నాన్నగారి మాటే ఇంకొకరి నోట వచ్చింది. వెంటనే కిందకి దిగి ఈ నోటుబుక్కు, రెండు బాల్ పెన్నులు కొన్నాను.

మొదట్లో ఏం రాయాలో తెలియలేదు. తాగినవి, తిన్నవి రాశాను. తర్వాత యూరిన్ సంచి. దాని మీద గీతలుంటాయి, 2000 మిల్లీలీటర్ల దాకా. సిస్టర్లు వాళ్ళ చార్టులో లోపలికి వెళ్ళింది ఎంత, బయటికి వచ్చింది ఎంత అని రెండు గళ్ళు పెట్టి రాస్తారు. ఎందుకని అడిగితే డ్యూటీ డాక్టరు, చిన్న కుర్రాడు, ఓపిగ్గా చెప్పాడు. మూత్రపిండాలు సరిగ్గా పనిచేస్తే గంటకి కిలో బరువుకి కనీసం అర మిల్లీలీటరు రావాలట. మా నాన్నగారు 50 కిలోలు. అంటే గంటకి 25 తగ్గకూడదు. ఆ లెక్క ఈ అట్ట లోపల రాసుకున్నాను, చూడండి, ఇక్కడ. ఆ తర్వాత సంచి చూసిన ప్రతిసారీ నాకు గేజి గుర్తొచ్చేది. కాలవ నీళ్ళు కొలిచిన మనిషి, ఇప్పుడు ఆయన నీళ్ళు నేను కొలుస్తున్నాను.

11వ తేదీ రాత్రి. ఆపరేషన్ అయిన మూడో రాత్రి. ఇది కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

సాయంత్రం దాకా బానే మాట్లాడారు. 9 గంటలకి ఒక్కసారి లేవబోయారు. కళ్ళు నా మీదే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. "ఎవడ్రా అక్కడ? తలుపెత్తు" అన్నారు. నేను "నాన్నా, ఆస్పత్రిలో ఉన్నాం" అన్నాను. వినలేదు. "నీళ్ళు నిలబడిపోయాయి. షట్టరెత్తండి. గట్టు తెగిపోద్ది" అని అరుపులు. దుప్పటి లాగేస్తున్నారు, చేతికున్న సెలైన్ సూది పీకబోతున్నారు. వార్డంతా లేచింది. ఉప్పాడ ఆవిడ వచ్చి కాళ్ళు పట్టుకుంది. డ్యూటీలో ఉన్న మనిషి ఒకాయన వచ్చి "ఏజ్ ఎక్కువ కదా, మతి చెడింది, సూది పీకేస్తారు" అని మెత్తటి గుడ్డతో రెండు చేతులూ మంచం కమ్మీకి కట్టేశాడు. నన్ను అడగలేదు. నేనూ వద్దనలేదు. వద్దని అనాల్సిందని ఇప్పటికీ బాధపడతాను. ఆ చేతులు షట్టర్ల చక్రాలు తిప్పిన చేతులు. గుడ్డ ముడి దగ్గర మణికట్టు తిప్పుతూనే ఉన్నారు, అదే చక్రం అనుకున్నట్టు.

మూడు గంటలు అలా గడిచింది. నేను ఏడుస్తూ కూర్చున్నాను. పుస్తకం తియ్యలేదు. 12.30కి, ఏం చెయ్యాలో తోచక, చేతులు ఖాళీగా ఉండలేక పుస్తకం తీశాను. సంచి చూశాను. 350. పై వరసలో సాయంత్రం 7 గంటలది చూశాను. 350. గీత కదల్లేదు. అయిదున్నర గంటల్లో ఒక్క చుక్క రాలేదు.

లేచి గొట్టం వెంట చెయ్యి పోనిచ్చి చూశాను. తొడ కింద నుంచి వచ్చి పరుపుకీ కమ్మీకీ మధ్య ఇరుక్కుని, మడత పడిపోయి ఉంది. నేను ముట్టుకోలేదు, పరుగెత్తి సిస్టర్ని పిలుచుకొచ్చాను. ఆవిడ పొట్ట మీద చెయ్యి వేసి చూసి "డప్పులా ఉందమ్మా" అంది. గొట్టం సరిచేసింది. సంచిలోకి జారడం మొదలైంది. కాసేపటికి 1150 గీత దగ్గర ఆగింది.

నాన్నగారు కళ్ళు మూసుకున్నారు. "వదిలారా?" అన్నారు. "వదిలారు నాన్నా" అన్నాను. "ఎంతుంది?" అన్నారు. "350 నుంచి 1150కి వచ్చింది" అని చెప్పాను. "ఊఁ" అన్నారు. నిద్రపోయారు. సిస్టరే చేతుల కట్లు విప్పింది.

నీళ్ళు నిలబడిపోయాయని ఆయన మూడు గంటలు చెబుతూనే ఉన్నారు. చెప్పింది నిజం. తనకి తెలిసిన మాటల్లో చెప్పారు. మేమందరం పలవరింత అనుకున్నాం.

మర్నాడు డాక్టరుగారు దీని గురించి చెప్పారు. మన పెద్దవాళ్ళు సంధి అనేవారే, అదే. సంధి కొట్టింది, సంధి పలవరింతలు అని వినే ఉంటారు. ఇంగ్లీషులో డెలీరియం అంటారు. పెద్ద వయసు వాళ్ళకి ఆస్పత్రిలో, ముఖ్యంగా తుంటి ఆపరేషన్ల తర్వాత తరచుగా వస్తుంది. మతిమరుపు జబ్బు వేరు, ఇది వేరు. మతిమరుపు నెలలూ ఏళ్ళ మీద మెల్లగా వస్తుంది. ఇది గంటల్లో వస్తుంది, ఒకపూట తగ్గుతుంది, ఒకపూట పెరుగుతుంది, చీకటి పడితే ఎక్కువవుతుంది. దీని వెనక చాలాసార్లు ఒక కారణం ఉంటుంది. చీము పట్టడం, నొప్పి, ఒంట్లో నీళ్ళు తగ్గడం, మూత్రం ఆగిపోవడం, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, కొన్ని రకాల మందులు, నిద్ర లేకపోవడం. ఆ కారణం వెతకాలి. "గాలి సోకింది, తాయెత్తు కట్టించండి" అని మా చుట్టం ఒకావిడ ఫోన్ చేసింది. ఆవిణ్ణి నేనేమీ అనలేదు. కానీ మీకు చెప్తున్నాను, నిన్నటి దాకా శుభ్రంగా మాట్లాడిన మనిషి ఇవాళ తేడాగా మాట్లాడుతుంటే అది వయసు వల్ల అని వదిలెయ్యకండి. "మా నాన్నగారు నిన్న ఇలా లేరు" అని డాక్టరుకి గట్టిగా చెప్పండి. నిన్న ఎలా ఉన్నారో మనకే తెలుసు, వాళ్ళకి తెలియదు కదా.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. అరిచేవాళ్ళనైనా అందరూ చూస్తారు. కొందరు అరవరు. మౌనంగా గోడకేసి చూస్తూ, పిలిస్తే పలక్కుండా, పగలంతా మగతగా పడి ఉంటారు. అదీ సంధే. "పాపం, హాయిగా పడుకున్నారు" అనుకుంటాం. వార్డులో చివరి మంచం మీద ఒక మామ్మగారు అలాగే ఉండేవారు. వాళ్ళబ్బాయికి నేను చెప్పాను, అతను సిస్టర్‌కి చెప్పాడు, ఏవో పరీక్షలు చేశారు. ఆ తర్వాత మేం డిశ్చార్జ్ అయ్యేలోపు ఆవిడ లేచి కూర్చుని నన్ను "ఏ ఊరమ్మా మీది?" అని అడిగారు.

మా నాన్నగారికి మందు కంటే ముందు డాక్టరుగారు అడిగింది కళ్ళజోడు. పడిపోయిన కంగారులో అది ఇంట్లో కిటికీలోనే ఉండిపోయింది. అయిదు రోజులుగా ఆయనకి ఎదుటి మనిషి ముఖం ఆనలేదు, మాకెవరికీ తట్టలేదు. తమ్ముడు వెళ్ళి కళ్ళజోడు, గోడ గడియారం, వెంకట్రామా క్యాలెండరు తెచ్చాడు. మంచానికి ఎదురుగా పెట్టాం. పగలు కిటికీ తెరిచి ఎండ పడనిచ్చాం, మధ్యాహ్నం ఎక్కువసేపు నిద్రపోకుండా మాట్లాడించాం. రాత్రి 9 తర్వాత ఆ మంచం దగ్గర ఫోన్‌లో వీడియోలు పెట్టొద్దని అందర్నీ బతిమాలాను. పొద్దున్నే "నాన్నా, ఇవాళ మే 13. కాకినాడలో ఉన్నాం. మీ తుంటికి ఆపరేషన్ అయింది. నేను మీ పెద్దమ్మాయిని" అని చెప్పేదాన్ని. రెండు రోజులు ఊరికే విన్నారు. మూడో రోజు "తెలుసులే" అన్నారు.

12వ తేదీ సంగతి మరిచిపోయాను. ఆ కాళరాత్రి తెల్లారి మే 12. ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు, ప్రపంచమంతా నర్సుల దినంగా జరుపుకుంటారు. వార్డులో సిస్టర్లు చిన్న కేకు కోశారు. రాత్రి గొట్టం సరిచేసిన సిస్టర్ డ్యూటీ దిగి, బ్యాగు భుజాన వేసుకుని, కేకు ముక్క ఒకటి కాగితంలో చుట్టి నాకిచ్చి వెళ్ళింది. అమలాపురం బస్సెక్కాలట ఆవిడ.

మూడు రోజుల తర్వాత మే 15. ఆ రోజేమిటో ఇక్కడ అందరికీ తెలుసు. కాటన్ దొరగారి జయంతి. నాన్నగారు ఏటా విగ్రహానికి దండ వేస్తారు. క్యాలెండరు చూసి ఆయనే అడిగారు, "దండ తీసుకెళ్ళారా?" అని. తమ్ముడు ఊళ్ళో దండ వేసి, ఫోటో తీసి పంపాడు. చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

ఆ రెండు తేదీలూ ఒకే వారంలో రావడం చూసి ఒక విషయం గుర్తొచ్చింది. 1852లో మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటనూ, నైటింగేలూ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునేవారు. ఆవిడ ఎప్పుడూ మన దేశం రాలేదు. కానీ ఇక్కడి కరువుల గురించి, కాలువలు తవ్వాల్సిన అవసరం గురించి ఏళ్ళ తరబడి రాసింది. అదే మనిషి 1859లో రాసిన నర్సింగు పుస్తకంలో రోగిని గమనించడం గురించి ఒక అధ్యాయమే పెట్టింది. మంచం పక్కనున్న వాళ్ళు ఊరికే జాలిపడితే చాలదు, ఏం మారిందో కళ్ళతో చూసి సరిగ్గా చెప్పగలగాలన్నదే అందులో సారం. వార్డులో ఆ సిస్టర్ నాకు చెప్పింది కూడా అదే కదా. పడకలో ఉన్న మనిషినీ, పారే నీటినీ రెండింటినీ పట్టించుకున్న ఆవిడంటే నాకు అప్పటి నుంచీ ఎంతో గౌరవం.

పక్కలు తిప్పడం గురించి చెప్పాలి. ఇది నాకు నేర్పింది ఆయా. డాక్టర్లు "రెండు గంటలకోసారి తిప్పండి" అంటారు, ఎలా తిప్పాలో చెప్పరు. ఆవిడ దుప్పటిని నాలుగు మడతలు వేసి నడుము కింద పరిచి, ఇటు నేను అటు ఆవిడ పట్టుకుని ఒక్క ఊపులో జరిపేది. మనిషిని లాగకూడదు, ఒరుసుకుంటే చర్మం లేచిపోతుంది. మడమల కింద కాకుండా పిక్కల కింద మెత్త పెట్టించింది, మడమ గాల్లో ఉండాలని. పుండు ముందు మడమ మీద, నడుము కింద ఎముక మీద మొదలవుతుందట. రోజూ స్నానం తుడిచేటప్పుడు ఆ రెండు చోట్లా ఎర్రబడిందేమో చూడమంది. వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకుండా ఉంటే వెంటనే చెప్పాలట. 17 రోజుల్లో నాన్నగారి ఒంటి మీద ఒక్క పుండు పడలేదంటే అది ఆవిడ చలవే.

తాగించేటప్పుడు పూర్తిగా లేపి కూర్చోబెట్టండి. పడుకోబెట్టి చెంచాతో పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిన్నాక అరగంట అయినా ఆనించే ఉంచండి.

ఇక బోండాం, అదే కొబ్బరిబోండాం. కోనసీమ వాళ్ళం కాబట్టి ఇది చెప్పకుండా దిగను. ఆస్పత్రికి చూడటానికి వస్తే మనం ఏం తెస్తాం? బత్తాయిలు, బ్రెడ్డు, బోండాలు. మనకి బోండాం నీళ్ళంటే అమృతం. 10వ మంచం మీద ఉప్పాడ ఆయనకి మూత్రపిండాల జబ్బు కూడా ఉంది, డయాలిసిస్ చేయించుకుంటారు. వాళ్ళ బావమరిది పాపం ఎండలో నాలుగు బోండాలు మోసుకొచ్చి కొట్టి ఇస్తుంటే సిస్టర్ పరుగున వచ్చి గ్లాసు పట్టేసుకుంది. బోండాం నీళ్ళలో పొటాషియం ఎక్కువ. ఒక గ్లాసులో దాదాపు ఒక అరటిపండులో ఉన్నంత, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. మామూలు మనిషికి మంచిదే. మూత్రపిండాలు పనిచెయ్యని వాళ్ళు దాన్ని బయటికి పంపలేరు, అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. మనకి పెరట్లో కొబ్బరిచెట్టూ, రావులపాలెం అరటిగెలలూ ఉన్నాయి. కిడ్నీ జబ్బు మనిషి ఇంట్లో ఉంటే ఈ రెండూ డాక్టర్ని అడగకుండా ఇవ్వద్దు. ఆ బావమరిది చాలాసేపు బోండాల పక్కనే తలదించుకుని కూర్చున్నాడు. ఆ నీళ్ళు మా వార్డులో నర్సులకీ, మాకూ పంచాడు. నాన్నగారికి ఇవ్వచ్చా అని ముందు అడిగాం, ఇవ్వచ్చన్నారు. పుస్తకంలో రాశాను. "15వ తేదీ 4.20, బోండాం 200."

ఫోన్ల సంగతి ఒక్క మాట. రోజుకి 30, 40 ఫోన్లు వచ్చేవి. అందరూ ప్రేమతోనే. ప్రతివాళ్ళకీ మొదట్నుంచి చెప్పేసరికి గొంతు పోయేది, టెన్షన్ పెరిగేది. తమ్ముడు కుటుంబం గ్రూపులో రోజూ రాత్రి 8 గంటలకి నాలుగు లైన్లు పెట్టడం మొదలెట్టాడు. ఫోన్లు ఆగాయి. చూడటానికి వచ్చేవాళ్ళకి మాత్రం ఒక విన్నపం. మంచం పక్కన నిలబడి "మా ఊళ్ళో ఒకాయనకి ఇలాగే అయి పోయాడు" అనకండి. పడుకున్న మనిషికి చెవులు బాగా వినిపిస్తాయి. వచ్చినవాళ్ళు "నువ్వెళ్ళి రెండు గంటలు పడుకోమ్మా, నేను కూర్చుంటాను" అంటే అంతకంటే పెద్ద సాయం లేదు. మా ఆడపడుచు అలా మూడు మధ్యాహ్నాలు కూర్చుంది. నేను లేనప్పుడు పుస్తకంలో ఆవిడ రాసిన రాతలు ఇవిగో, గుండ్రటి అక్షరాలు.

వెనక నుంచి బాబు ఎవరో అడుగుతున్నారు. కొంచెం గట్టిగా... ఆఁ. "చదువు రానివాళ్ళు ఏం చెయ్యాలి మేడమ్?" అని.

మంచి ప్రశ్న బాబూ. నేనూ అదే అనుకున్నాను అక్కడ. దానికి జవాబు ఉప్పాడ ఆవిడ దగ్గరే దొరికింది. ఆవిడకి సంతకం తప్ప రాదు. భర్తకి వాంతి అయిన ప్రతిసారీ కొంగుకి ఒక ముడి వేసేది. రౌండ్స్‌కి డాక్టరుగారు వచ్చినప్పుడు ఆయన ముందే ఒక్కో ముడీ విప్పి లెక్కపెట్టేది. "ఆరండీ బాబుగారూ. పొద్దు వాలాక నాలుగు, తెల్లారుజామున రెండు" అనేది. ఎప్పుడు పడిందో ముడుల మధ్య దూరాన్ని బట్టి చెప్పేది. వలలకి ముడులు వేసే ఇంటి మనిషి కదా. పెద్ద డాక్టరుగారు ఆగి, మొత్తం విని, మందు మార్చారు. నా పుస్తకం ఎంత పనికొచ్చిందో ఆవిడ కొంగూ అంతే పనికొచ్చింది.

ఇంకొకరు... ఆరోగ్యశ్రీ గురించా? 2007లో మొదలైన పథకమే, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. ఆస్పత్రిలో దాని తాలూకు మిత్ర అని ఒకరు కౌంటర్ దగ్గర కూర్చుంటారు. చేర్చిన రోజే కార్డూ ఆధారూ తీసుకుని వెళ్ళి కలవండి, ఆలస్యం చెయ్యకండి. మా వాళ్ళ కార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉండి తమ్ముడు రెండు రోజులు తిరిగాడు. ఇంటికెళ్ళి ఈ రాత్రే పెద్దవాళ్ళ కాగితాల్లో పేర్లు సరిచూసుకోండి.

టైమ్ అయిందంటున్నారు. ఇంకొక్కటి చెప్పి దిగుతాను.

23వ తేదీన ఇంటికి తెచ్చాం. నాన్నగారు వాకర్ పట్టుకుని ఇంట్లో పది అడుగులు, తర్వాత వీధి అరుగు దాకా, అలా మొదలెట్టారు. జూన్‌లో కాలువలకి నీళ్ళు వదిలారు. ఆ సాయంత్రం కుర్చీ గట్టు మీద వేయించుకుని కూర్చున్నారు. ఆ రాత్రి సంగతి ఆయనకి ఒక్క ముక్కా గుర్తు లేదు. షట్టరెత్తమన్నారని చెబితే నమ్మలేదు. అప్పుడు ఈ పుస్తకం తెచ్చి చేతికిచ్చాను.

కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివారు. వేలు పెట్టి వరసగా. ఏమీ మాట్లాడలేదు. 11వ తేదీ పేజీ దగ్గర ఆగారు. 7.00, 350. 12.30, 350. దాని కింద 1.15, 1150. ఆ మూడు వరసలూ రెండు మూడుసార్లు చూశారు. పేజీ తిప్పారు. 14వ తేదీ దగ్గర చొక్కా జేబులోంచి పెన్ను తీశారు. రోజంతా తాగినవి నేను కూడి 1650 అని వేశాను. ఆయన దాన్ని కొట్టేసి 1750 అని రాసి, పక్కన చిన్న సంతకం పెట్టారు. ఇదిగో, ఇక్కడ. కావాలంటే దగ్గరికొచ్చి చూడండి.